చెప్పుల దగ్గర మొదలు

మొన్న పొద్దున షట్టర్ లేపి, కంప్యూటర్ ఆన్ చేసి, అగరబత్తి ముట్టించేలోపే ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పాస్‌పోర్టు సైజుది. ఎప్పుడో ఆధార్ పనికి దిగింది కావచ్చు, ముఖమంతా బిగుసుకుని ఉంది. కింద మెసేజ్ చదివితే గానీ ఎవరో పోల్చుకోలేకపోయాను. పంపింది కోదాడ నుంచి, డ్రాయింగ్ టీచర్ గారి అక్క కొడుకు. వాళ్ళ పిన్ని నిద్రలోనే పోయారట. ఎల్లుండి సాయంత్రం ఇంట్లోవాళ్ళను ఓదార్చే ప్రార్థన, ఆదరణ కూడిక ఉంది, ఇంటి ముందు పెట్టడానికి ఫ్లెక్సీ కావాలన్నాడు. "పట్టుచీర కట్టినట్టు పెట్టండి అన్నా. మెడలో గొలుసు కూడా వేయండి. నడుము వరకు చాలు."

కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు వెంటనే రాలేదు. ముందుగా వచ్చింది కంగారు. ఆమెకు నడుము వరకు చాలట! సూర్యాపేట ఫ్లెక్సీల మీదున్న జనానికి కాళ్ళేవయ్యా అని నన్ను నిలదీసిన మనిషిని, నా చేత్తో నేనే నడుము దగ్గర కోసి పంపాలట.

మా షాపు బస్టాండుకు ఎదురుగా ఉంటుంది. ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు, లామినేషన్లు చేస్తాను. టీచర్ గారు మిర్యాలగూడ సర్కారు బడిలో ఏళ్ళ తరబడి బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. కోదాడలో అక్క ఇంట్లో ఉంటూ, శనివారం శనివారం సూర్యాపేటకు వచ్చి ఇక్కడొక ప్రైవేటు బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పేవారు. మధ్యాహ్నం మళ్ళీ కోదాడ బస్సు. ఒకరోజు ఎండకు తాళలేక నా షాపులోకి వచ్చి, ఫ్యాను కింద స్టూలు మీద కూర్చుని, "అమ్మయ్య" అంటూ రెండు మోకాళ్ళూ రుద్దుకున్నారు. తర్వాత గోడకు ఆనించిన ఫ్లెక్సీలన్నీ ఒక్కొక్కటిగా చూడటం మొదలుపెట్టారు. పుట్టినరోజు శుభాకాంక్షలు, గృహప్రవేశ ఆహ్వానం, కొత్త సర్పంచికి స్వాగతం, కన్నీటి వీడ్కోలు. అన్నీ చూసి, తప్పులు దిద్దే గొంతుతో అడిగారు.

"ఏమయ్యా, వీళ్ళలో ఒక్కడికీ కాళ్ళు లేవేంటి?"

వెనక్కి తిరిగి చూశాను. నిజమే. దండం పెట్టేవాళ్ళు, వేలు చూపేవాళ్ళు, గుండె మీద చెయ్యి వేసుకున్నవాళ్ళు, అందరూ నడుము కాడ ఆగిపోయి, కింద పూలదండో తెల్లమబ్బో కప్పుకుని ఉన్నారు. అన్నేళ్ళు ఆ పని చేస్తూ నేనెప్పుడూ ఆ సంగతి ఆలోచించలేదు. కాళ్ళెవరు చూస్తారని ఏదో అన్నాను. ఆమె గొడుగు మడతల్లో చెయ్యి పెట్టి ఒక పెన్సిల్ తీశారు.

ఆ గొడుగు సంగతి చెప్పాలి. ఆమెకు పెద్ద చేతిసంచి ఉండేది. అందులో టిఫిన్ డబ్బా, మోకాళ్ళ నూనె, చిన్న బైబిలు, బస్సులో పిల్లలెవరైనా ఏడిస్తే ఇవ్వడానికి బిస్కెట్లు ఉండేవి. పెన్సిళ్ళు మాత్రం గొడుగులోనే. సంచిలో అయితే ములుకులు విరుగుతాయట. వాన మొదలైతే ఆమె చేసే పని చూడాలి. రోడ్డు మీద నిలబడి, నిదానంగా గొడుగు మడతలు తడిమి, ఒక్కొక్క పెన్సిలూ తీసి సంచిలో వేసుకుని, అన్నీ వచ్చాయో లేదో ఒకసారి గొడుగు దులిపి, అప్పుడు తెరిచేవారు. అప్పటికి నిలువునా తడిసిపోయి ఉండేవారు. ఇదేం పద్ధతని ఎవరన్నా అంటే, వాన రోజూ వస్తుందా, పెన్సిల్‌తో పని రోజూ ఉంటుంది అనేవారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి.

ఆ మొదటి రోజు నా దగ్గర చెడిపోయిన పెళ్ళి కార్డొకటి అడిగి తీసుకుని, దాని వెనక అడ్డంగా ఒక గీత గీశారు. అది నేల. నేల లేనిదే మనిషి ఎక్కడ నిలబడతాడని ఆమె మొదటి పాఠం. ఆ గీత మీద ఒక జత చెప్పులు వేశారు. ఒక చెప్పు పట్టీ ఊడిపోతే తీగతో కట్టి ఉంది. పైన పైకి మడిచిన ప్యాంటు, దాని మీద జారిపోతున్న పొట్ట, చంకలో ఇరికించిన గుడ్డ. మోకాళ్ళ దాకా వచ్చేసరికే నాకు నవ్వొచ్చింది. అది ఎదురుగా టీ కొట్టాయన. తల వేయనే లేదు. తల చివర్లో వేశారు, చిన్న గుండ్రం, రెండు చుక్కలు, ఒక వంకర గీత. ఆ తల లేకపోయినా నాకు ఏ లోటూ ఉండేది కాదు.

ఆమె గీసేవన్నీ అవే. నిలువెత్తు కార్టూన్ మనుషులు, రోజూ తొడుక్కునే బట్టల్లో. ముఖాలు గీసేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, నిలబడ్డ తీరు గీసేవాడు కనబడడు అనేవారు. తల పెద్దదిగా వేస్తే బొమ్మ నవ్విస్తుందని, చిన్నదిగా వేసి చేతులు పెద్దవి చేస్తే బొమ్మ కష్టపడుతుందని చెప్పేవారు. కొత్త బట్టలేసుకుని వచ్చి బొమ్మ గీయమంటే గీసేవారు కాదు. ఒక వార్డు లీడరు తెల్ల ఖద్దరు, తెల్ల బూట్లు వేసుకుని వచ్చి తన పుట్టినరోజు ఫ్లెక్సీకి కార్టూన్ అడిగితే, ఇంట్లో పాలప్యాకెట్‌కు వెళ్ళేటప్పుడు ఏం తొడుక్కుంటావో అవి వేసుకుని రా నాయనా అన్నారు. ఆయన మళ్ళీ రాలేదు. నా గిరాకీ పోయిందని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, పెద్దమనిషిని ఏమంటాం.

నా బొమ్మ కూడా గీశారు. ఆ రోజు ఉన్నట్టుండి స్టూలు మీంచి లేచి, కౌంటర్ మీద వంగి ఇవతలికి తొంగి చూశారు. పైన ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కింద గళ్ళ లుంగీ, బాత్రూమ్ స్లిప్పర్లు. కౌంటర్ వెనక కూర్చునేవాడి నడుము కిందిభాగం లోకానికి అక్కర్లేదని నా ధైర్యం. దానికీ ఆమె నేల గీత గీసి, స్లిప్పర్ల నుంచి మొదలుపెట్టారు. మా ఆవిడ ఆ బొమ్మ చూసి, నవ్వీ నవ్వీ ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఈ రోజుకూ అక్కడే ఉంది. కాళ్ళు లేని జనాన్ని అచ్చు వేసేవాడు తన కాళ్ళు తనే దాచుకుని కూర్చున్నాడని అప్పుడు తెలిసింది.

ఆమె పాఠం ఎట్లా చెప్తారో ఒకసారి చూశాను. సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఆ బడికి వెళ్తే, పిల్లలందరూ క్లాసు బయట మూగి ఉన్నారు. గుమ్మం ముందు చెప్పుల కుప్ప. తమవి కాని జత ఒకటి ఎంచుకుని, దాని మీద నిలబడే మనిషిని గీయమన్నారట. మొదటి రోజు పిల్లలు టీవీలో చూసిన రెక్కల వీరుల్ని గీసుకొస్తే, వీళ్ళు మీ వీధిలో ఎప్పుడన్నా కనబడ్డారా అని అడిగి, ఇట్లా చెప్పుల ముందు నిలబెట్టారు. ఒక పిల్ల అరిగిపోయిన జత ఒకటి పట్టుకుని చాలాసేపు చూసి, వాటి మీద ఒక ఆయాను గీసింది. ఎడమ చేత్తో బకెట్ పట్టుకుని ఒక పక్కకు ఒరిగిన మనిషి. ఆ చెప్పులు నిజంగా ఆయావే. ఎట్లా తెలిసిందే అని ఆయా ఆ పిల్ల నెత్తి నిమురుతుంటే, టీచర్ గారు నా వైపు చూసి, ఏదో తన గొప్పేం లేదన్నట్టు చేతులు తిప్పారు.

నాకు గీత రాదు. మౌస్ లేకపోతే నేను చెయ్యి లేనివాడినే. బస్సు వచ్చేదాకా ఊరికే కూర్చోవడం చేతకాక ఆమె నా చేతిలోనూ పెన్సిల్ పెట్టారు. నెలల తరబడి చెప్పులే గీయించారు. ఆ పైకి పోనిచ్చేవారు కాదు. ఎప్పుడు పోనిస్తారు టీచర్ అంటే, నీ చెప్పులు ఇంకా గాలిలో ఉన్నాయయ్యా, నేల మీదికి రానీ అనేవారు.

ఇంత చెప్పినా ఆమె ఏమిటో చెప్పినట్టు కాదు. అది తెలిసింది తిరుమలగిరి నుంచి ఆ ఇద్దరూ వచ్చిన రోజున.

ఒక పెద్దాయన, వెనకాల అతని తమ్ముడి భార్య. చిన్న వయసు పిల్ల. తమ్ముడు పోయి ఏడాది కావొస్తోంది. పత్తి ఏరేటప్పుడు చేనులోనే గుండె ఆగిందట. సంవత్సరికానికి ఫ్లెక్సీ కావాలని వచ్చారు. పెద్దాయన ఫోనులో పోయిన ఏడాది దశదిన కర్మ ఫ్లెక్సీ చూపించాడు. ఎక్కడో కొట్టించిందే, పని శుభ్రంగా ఉంది. రేషన్ కార్డు ఫొటోలోని తల, దాని కింద నీలం కోటు, ఎర్ర టై. మా వృత్తిలో పోయినవాళ్ళందరికీ కోటే తొడుగుతాం. అడిగి మరీ తొడిగించుకుంటారు. అదే మళ్ళీ కొట్టు, తేదీ మార్చు అన్నాడాయన.

ఆ పిల్ల అంతవరకూ తలుపు దగ్గరే ఉంది. ఒక అడుగు ముందుకు వేసి, బావ వైపు చూడకుండా నాతో అంది. "సార్, గా కోటు తీసేయ్యున్రి."

పెద్దాయన నొచ్చుకున్నాడు. కోపంగా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు. "బతికినన్ని రోజులు పాత అంగీలే తొడిగిండు. ఇగ గిప్పుడన్న మంచిగ కనవడనియ్యమ్మా."

ఆ పిల్ల మెల్లగా విషయం చెప్పింది. వాళ్ళకో కూతురు. తండ్రి పోయేనాటికి మాటలు అప్పుడప్పుడే వస్తున్నాయి. పోయిన ఏడాది ఫ్లెక్సీని కర్ర పీకేసి పత్తి కుప్ప మీద కప్పారు, మా ఫ్లెక్సీలన్నిటి చివరి ఉద్యోగం అదేగా. ఆ పసిది రోజూ ఆ కుప్ప దగ్గరికి పోయి, అందులోని కోటు మనిషికి ముద్దు పెట్టి వస్తోంది. "మా బిడ్డ గా కోటాయన్నే నాయన అనుకుంటున్నది సార్. ఇంకో ఏడాదైతే నేను చెప్పినా నమ్మది. నాకే ఎవలో బ్యాంకు సారు నిలబడ్డట్టు ఉంటది."

వేరే ఫొటోలు లేవా అంటే, పెళ్ళి ఆల్బమ్‌లో ఉన్నది కూడా కిరాయి కోటేనట. ఊళ్ళో వాళ్ళ ఫోన్లలో ఎక్కడన్నా ఉంటే, అందరి వెనకాల తల ఒక్కటే కనిపిస్తుందట. ముందుకు రమ్మన్నా వచ్చేవాడు కాదట. నేను కంప్యూటర్లో వెతికాను. నా దగ్గర కోట్లున్నాయి, షేర్వానీలున్నాయి, పట్టు పంచెలున్నాయి. రోజూ తొడుక్కునే చొక్కా మాత్రం ఒక్కటి లేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

స్టూలు మీంచి టీచర్ గారు లేచారు. పెద్దాయనతో ఎంతో మర్యాదగా, అయ్యా ఎండనపడి వచ్చారు, ఎదురుగా టీ బాగుంటుంది, మీరు తాగి మాకూ పట్టుకురండి అన్నారు. ఆయన అటు వెళ్ళగానే ఆ పిల్లను కూర్చోబెట్టి, మీ చేను నేల ఏ రంగమ్మా అని అడిగారు. ఎర్రదని, రాళ్ళుంటాయని చెప్పింది. టీచర్ గారు పెద్ద కాగితం మీద ఒక గీత గీసి, దాని మీద నాలుగు రాళ్ళు వేశారు. చెప్పులు అడిగారు. రబ్బరు చెప్పులేనని, కాలికి పెద్దవై వెనక జాగా మిగిలేదని వేళ్ళతో చూపించింది. లుంగీ పైకి కట్టేవాడా, తువ్వాల తలకా భుజానికా, చొక్కా జేబులో ఏముండేది, అన్నీ అడిగారు. జేబులో కరెంటు చూసే టెస్టర్ ఉండేదట. బోరు మోటారు కాడికి ఎప్పుడు పోవాలొస్తుందోనని పెళ్ళిలో కూడా అది తీయలేదట. అది చెప్పేటప్పుడు ఆ పిల్ల కొంచెం నవ్వింది.

"నిలబడితే ఎట్లా నిలబడేవాడమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏమని చెప్తుంది? రోజూ చూసినదాన్ని మాటల్లో ఎవరం చెప్పగలం?

"చెప్పొద్దు. లేచి నిలబడి చూపించు. నువ్వు కాదు, అతను నిలబడినట్టు."

ఆ పిల్ల సిగ్గుతో నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను గానీ, నల్లటి స్క్రీన్‌లో అంతా కనిపిస్తూనే ఉంది. ఆమె లేచింది. ముందు కొంగు సర్దుకుంది. తర్వాత చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. కుడిపాదం తీసి ఎడమ పిక్కకు ఆనించింది. ఏళ్ళ తరబడి మందు పంపు మోసిన మనిషిలాగా ఒక భుజం కిందికి దిగింది. మెడ కొంచెం ముందుకు వాలింది. దూరంగా ఎవరో పిలిస్తే వినీ విననట్టు ఉన్న మనిషి. చీర కట్టుకున్న ఆ పిల్ల ఒంట్లోకి ఒక మగమనిషి వచ్చి నిలబడ్డాడు. నేను చూసింది చూసినట్టు చెప్తున్నాను.

టీచర్ గారు కాగితం చూడలేదు. ఆ పిల్లనే చూస్తూ గీస్తున్నారు. పాదం, పిక్క, మడిచిన లుంగీ, మణికట్ల దగ్గర కూడా గుండీలు పెట్టుకున్న చొక్కా, జేబులో టెస్టర్ ఎర్ర పిడి, దిగిన భుజం. మెడ దాకా వచ్చి పెన్సిల్ ఆపారు. ముఖం ఫొటో చూసి వేస్తానని అంటున్నారు. ఆ పిల్ల అప్పటికే కాగితం దగ్గరికి వచ్చేసింది. తల లేని ఆ బొమ్మను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చిండమ్మా" అంది.

అదే సమయానికి పెద్దాయన పాలిథిన్ కవర్లో టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. కార్టూన్ బొమ్మ పెడితే ఊళ్ళో నవ్వుతారని ఆయన ఏదో అనబోతాడని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన చూపు కాగితం పైభాగానికి పోలేదు. కింద చెప్పుల దగ్గరే ఆగిపోయింది.

"గవి నా చెప్పులు" అన్నాడు. "నేను తొడిగి ఇడిసినయి. కొత్తయి కొనుక్కోరా అంటె, ఇవి ఇంకా మంచిగనే ఉన్నయి అన్నా అనెటోడు."

కోటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. టీచర్ గారు ముఖం వేశారు. చుక్కలు, గీతలు, పక్కకు తిరిగిన చిన్న నవ్వు. ఎంత సైజు కొట్టాలని నేనడిగితే పెద్దాయన, మనిషి ఎంతుంటే అంత కొట్టమన్నాడు. తమ్ముడి ఎత్తు ఎంతో ఆయనకు అంకెల్లో తెలియదు. గోడకు ఆని నిలబడి, అరచెయ్యి తన చెవి దగ్గర పెట్టి చూపించాడు. నేను టేపు పట్టి అక్కడికి కొలుచుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక టీచర్ గారు స్టూలు మీద కూర్చున్నారు, టీ ముట్టుకోలేదు. కోదాడ బస్సు వచ్చి వెళ్ళిపోయింది. చూడని మనిషిని ఎట్లా గీశారు టీచర్ అని అడిగాను.

"నేనెక్కడ గీశానయ్యా. ఆ పిల్ల నిలబడింది, నేను గీత పట్టుకున్నాను, అంతే. మనిషి పోయినా వాళ్ళు నిలబడిన తీరు ఇంట్లోవాళ్ళ ఒంట్లో ఉండిపోతుంది. అడిగితే ఇస్తారు. ఎవరూ అడగరు."

సంవత్సరికం అయ్యాక ఆ పిల్ల నా ఫోనుకు ఒక ఫొటో పంపింది. ఇంటి ముందు నిలువెత్తు ఫ్లెక్సీ, పక్కన కూతురు. కూతురు చేతులు వెనక్కి కట్టుకుని, కుడిపాదం ఎడమ పిక్కకు ఆనించి నిలబడి ఉంది. ఎవరూ చెప్పలేదట. టీచర్ గారికి చూపిస్తే కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూసి, సంచి భుజానికి తగిలించుకుని, బస్సు రాకముందే బయటికి వెళ్ళిపోయారు. నేను ఆమె వెళ్ళిన వైపు చూస్తూ కూర్చున్నాను. గుడికి పోయినా నాకు అంత భక్తి ఎప్పుడూ కలగలేదు.

అట్లాంటి మనిషికి పట్టుచీర, గొలుసు, నడుము వరకు.

మొన్న పొద్దున పనులన్నీ పక్కకు నెట్టి కాగితం తీసుకున్నాను. నేల గీత గీశాను. అక్కడ ఆగిపోయాను. ఆమె నా షాపులో ఎక్కువగా కూర్చునే ఉండేవారు. స్టూలు మీద ముడుచుకున్న మోకాళ్ళు, ఒళ్ళో కాగితం, కదిలే చెయ్యి, అంతవరకు కళ్ళకు కట్టినట్టుంది. నిలబడితే ఎట్లా ఉండేవారో ఎంత ఆలోచించినా చేతికి రాలేదు. షట్టర్ దింపేసి కోదాడ బస్సెక్కాను.

ఇంటి గుమ్మం ముందు చెప్పులు చాలా ఉన్నాయి. వాటిలో ఆమెవి నాకు వెంటనే తెలిశాయి. నల్ల పట్టీలు, మడమ వెలుపలివైపు వాలుగా అరిగినవి. ఇంకా ఎవరూ తీసి పక్కన పెట్టలేదు. అక్క కొడుకు నన్ను చూసి, ఫ్లెక్సీ తెచ్చారా అన్నా అని ఎదురొచ్చాడు. సంగతి చెప్పాను. అతను ఇబ్బందిపడ్డాడు. పాస్టరు గారు వస్తారు, చుట్టాలందరూ వస్తారు, కార్టూన్ బొమ్మ పెడితే బాగుంటుందా అన్నాడు. అతనిదీ ప్రేమేనని నాకు తెలుసు. పిన్నికి బతికుండగా పట్టుచీర కొనిపెడతానంటే ఒప్పుకోలేదట.

లోపల మంచం మీద ఆమె అక్క కూర్చుని ఉన్నారు. టీచర్ గారి కంటే బాగా పెద్దావిడ, పక్కన చేతికర్ర. నేను ఎవరో చెప్పగానే, శనివారాలు అది కూర్చునేది నీ షాపులోనేనా బాబూ అన్నారు. ఆ స్టూలు గురించి ఇంట్లో చెప్పేదట. నేను కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను. అమ్మా, టీచర్ గారు ఎట్లా నిలబడేవారో ఒక్కసారి నిలబడి చూపిస్తారా అని. కొడుకు వద్దంటున్నాడు, పడిపోతుందేమోనని. ఆవిడ కర్ర తీసి అతని చేతికిచ్చారు.

లేవడానికి సమయం పట్టింది. లేచాక కుడికాలు అర అడుగు ముందుకు వేశారు. మోకాళ్ళు రెండూ కొంచెం వంగాయి. ఎడమ చంకలో లేని గొడుగును అదిమిపట్టుకున్నారు. కుడి పిడికిలితో చీర కుచ్చిళ్ళు చీలమండల పైకి లాగి, మెడ తిప్పి, రోడ్డు చివరికి చూసినట్టు చూశారు. బస్సు కోసం నిలబడ్డ మనిషి. ఎక్కడానికి సిద్ధంగా, అయినా సీటు దొరికితే ఇంకెవరికో ఇచ్చేసే మనిషి. నేను కాగితం చూడలేదు. ఆ గుమ్మంలోని చెప్పుల దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళాను. గొడుగు మడతలోంచి ఒక పెన్సిల్ కొస కూడా వేశాను. మెడ దగ్గరికి వచ్చి ఆపాను.

ఆవిడ మంచం మీద కూలబడి, కాగితం ఇటివ్వమన్నారు. ముఖం లేని ఆ బొమ్మను కొడుకు కూడా వంగి చూశాడు. చూసి పక్కకు తిరిగిపోయాడు. ఆవిడ మాత్రం బొమ్మ కింది భాగం మీద, మోకాళ్ళ దగ్గర, అరచెయ్యి పెట్టి మెల్లగా రుద్దారు.

"ఎంతసేపే ఆ నిలబడటం. మోకాళ్ళు లాగుతాయి. కూర్చో" అన్నారు.

కొడుకు గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని మంచం దగ్గరికి జరిపాడు. నేను నేల మీద కూర్చునే ముఖం పూర్తి చేశాను. ఆ కుర్చీలో మేమెవరం కూర్చోలేదు.